గిర్నీ ముందు ఆగే బండి

హుస్సేనీ ఆలం,
12 నవంబరు 2025, బుధవారం

చిరంజీవి తమ్ముడు నందకిశోర్‌కు,

అక్క రాధాబాయి దీవెనలు. మేమిక్కడ ఉన్నంతలో బాగున్నాం. నిజామాబాదులో నువ్వు, మరదలు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. రెండు గదుల ఇంట్లో నేను గుసగుసలాడినా మీ బావకు వినపడుతుంది. ఒళ్లు చెడింది గానీ ఆయన చెవులకేమీ కాలేదు.

విషయం నువ్వు కుదిర్చిన ప్రేమ్‌రాజ్ గురించి. సోమవారం, గురువారం మీ బావను డయాలసిస్‌కు తీసుకెళ్లే బండి అతనిదే కదా. పదేళ్లు అంబులెన్సు నడిపాడనీ, ప్రాణం మీదికి రాకపోయినా ఆసుపత్రికి పోక తప్పని వాళ్లను తీసుకెళ్లే దిక్కు లేదని చూసి సొంతంగా కంపెనీ పెట్టాడనీ చెప్పావు. కంపెనీ అంటే ఒక బండి, ఒక చక్రాల కుర్చీ, ఒక ప్రేమ్‌రాజ్! సైరన్ లేని అంబులెన్సు ఏమిటో నాకు అప్పుడే మింగుడుపడలేదు.

మొదటి రోజు నన్ను నమ్మించడానికి ఎన్ని తిప్పలు పడ్డాడో. ఆధార్ నకలు, లైసెన్సు నకలు, వాళ్లమ్మ ఫోన్ నంబరు నా చేతిలో పెట్టాడు. చక్రాల కుర్చీలో ముందు నన్నే కూర్చోబెట్టాడు. మీకు భయం గాకుంటే సారుకు గూడ గాదమ్మా అంటూ ర్యాంప్ మీదుగా బండిలోకి ఎక్కించి దింపాడు. గల్లీ అంతా నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్లయింది. అడక్కుండానే ఇన్ని చూపించేవాడు అడిగితే ఏం దాస్తాడోనని ఆ పూటే అనుమానం పట్టుకుంది.

అదే రోజు ఇంకో లొల్లి. తెల్ల బండి మా గుమ్మం ముందు ఆగడం చూసి ఎదురింటి లీలమ్మ, అన్నం సగం ఉడుకుతుండగానే పొయ్యి ఆర్పేసి, ఏడ్చుకుంటూ వచ్చింది. గల్లీలో ఎవరైనా పోతే శవం లేచేదాకా చుట్టుపక్కల ఎవరూ పొయ్యి వెలిగించరు కదా. మీ బావ బండిలోంచి తల బయటపెట్టి, నేనింకా ఉన్న లీలమ్మా, పోయి పొయ్యి ముట్టిచ్చుకో అన్నారు. అందరూ నవ్వారు, నేను మాత్రం మంగళసూత్రం కళ్లకద్దుకున్నాను. అప్పటినుంచి బండి గల్లీలోకి రావద్దన్నాం. మలుపు అవతల ఆగయ్య పిండి గిర్నీ ముందు ఆగుతుంది. అక్కడినుంచి మీ బావ కుర్చీ వద్దని నడిచే వస్తారు, వెనక ప్రేమ్‌రాజ్ వస్తాడు. ఇంట్లోంచి చూస్తే బండి కనపడదు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఆసుపత్రివాళ్లు పదకొండుకు వదులుతారు. దబీర్‌పురా నుంచి ఎంత రద్దీ అయినా అరగంట. ఈయన ఇల్లు చేరేది పన్నెండుంబావుకు! నెల రోజులుగా గోడ గడియారం చూస్తూనే ఉన్నాను. అడిగితే మీ బావ ట్రాఫిక్ అంటారు. ప్రేమ్‌రాజ్‌ను అడిగితే నేల చూపులు చూస్తూ, సారు సంగతి సారునే అడుగుండ్రమ్మా, నేను జెప్ప అంటాడు. దాచడానికి ఏమీ లేకపోతే ఆ నేల చూపులెందుకు?

నిన్న గోధుమలు పట్టించడానికి పోతే ఆగయ్య ఇంకో మాట చెప్పాడు. బండి పదకొండున్నరకే వస్తదమ్మా, అద్దాలు ఎక్కిచ్చుకోని మస్తు సేపు లోపల్నే కూసుంటరు, ఏం చేస్తరో ఏమో అన్నాడు. ముప్పావు గంట మూసిన బండిలో ఏం పని? నీకు తెలుసు, మీ బావ ఎవరు కాగితం చాపితే వాళ్లకు సంతకం పెట్టే మనిషి. ఇల్లు ఆయన పేరు మీదే ఉంది. లాడ్ బజార్‌కు ఇంత దగ్గర్లో జాగా కోసం కాచుకుని కూర్చున్నవాళ్లు ఎందరో. నీరసంతో సగం చచ్చిన మనిషి చేత వాడేం రాయించుకుంటున్నాడో!

మాన్పించేద్దామంటే ఆయన ఎలా వెళ్లాలి? ఆటో ఎక్కబోయి రెండుసార్లు పడ్డారు. ఒక్క పూట తప్పినా ఒళ్లంతా నీరు పట్టి ఊపిరాడదు. వీణ్ణి ఉంచితే ఇల్లు పోతుందేమోనని, తీసేస్తే మనిషే పోతాడేమోనని నాకు ఒకటే ఫికర్. తెచ్చిపెట్టింది నువ్వు కాబట్టి తేల్చాల్సిందీ నువ్వే. సోమవారం పదకొండుకల్లా వచ్చి గిర్నీ దగ్గర నిలబడు. బండి ఆగగానే తలుపు తెరిచి, వాడి గల్లా పట్టి నిజం కక్కించు.

నీ రాక కోసం చూస్తూ,
అక్క
రాధాబాయి

తా.క.: గురువారం సాయంత్రం.

సోమవారం దాకా ఆగే ఓపిక నాకెక్కడిది? పోస్టు చేయకముందే నేనే పోయి గిర్నీలో బస్తాల వెనక నిలబడ్డాను. పదకొండున్నరకు బండి వచ్చింది. పక్క అద్దాలు నల్లవి గానీ ముందు అద్దంలోంచి అంతా కనపడింది.

మీ బావ సీటులో వెనక్కి వాలిపోయి ఉన్నారు. ఒళ్లంతా వణుకు. ప్రేమ్‌రాజ్ రెండు దుప్పట్లు కప్పి, ఆయన పాదాలు ఒడిలో పెట్టుకుని పిక్కలు నలుపుతున్నాడు. ఆయన లేవబోయి కూలబడ్డారు. కాసేపాగి మళ్లీ లేచారు, మళ్లీ కూలబడ్డారు. ప్రేమ్‌రాజ్ ఫోన్ మోగుతూనే ఉంది, ఇంకే పేషెంటో పిలుస్తున్నట్టుంది. దాని నోరు మూయించి జేబులో వేసుకున్నాడు. కాగితం లేదు, కలం లేదు. నాలుగోసారికి నిలబడ్డారు. దువ్వెన తీశారు గానీ చెయ్యి పైకి లేవలేదు. ప్రేమ్‌రాజే తల దువ్వి, చొక్కా గుండీలు పెట్టాడు. మలుపు దాకా మోసినట్టే తెచ్చాడు. అక్కడ మీ బావ అతని చెయ్యి విడిపించుకుని, నడుము నిటారు చేసుకుని, మా గుమ్మం వైపు ఒక్కరే నడిచారు.

నా కోసం, తమ్ముడూ! నేను చూస్తే బెంబేలెత్తుతానని, ప్రతిసారీ ఇంత అవస్థ పడి నా ముందుకు నడిచి వస్తున్నారు. నెల రోజులు నేను సూటిపోటి మాటలన్నా ప్రేమ్‌రాజ్ ఆయన గుట్టు విప్పలేదు. ఇంతకంటే నమ్మకస్తుణ్ణి ఎక్కడ వెతుకుతాను? సిగ్గుతో చచ్చిపోయాను.

వెనక గల్లీలోంచి పరుగెత్తి, ఆయన కంటే ముందే ఇల్లు చేరి, మొహం తుడుచుకుని తలుపు తీశాను. ఏంది ఇంత ఆలస్యం అని రోజూలాగే కసిరాను. ట్రాఫిక్ అన్నారు. ఈ పట్నంల ట్రాఫిక్ ఎప్పుడు తగ్గుతదో అన్నాను. వెనకనున్న ప్రేమ్‌రాజ్‌తో, తొందరపడి తేకు నాయనా, నిదానంగనే తోల్కరా అన్నాను. అతను నా కొంగుకు అంటిన పిండి చూసి తల దించుకున్నాడు.

పైన రాసింది చింపేద్దామనుకుని ఉంచేశాను. నువ్వు తెచ్చిన మనిషిని నేనెన్ని మాటలన్నానో నీకు తెలియాలి. సోమవారం తప్పకుండా వచ్చి బావను చూసిపో. కానీ పన్నెండున్నర దాటాకే రా.