బ్యాండుకి వేసిన కుట్టు

జూన్ 4

నా కూతురు, మా పిచ్చుక, పోయి నలభై రోజులు. దాని లెక్కల నోటుబుక్కులో మిగిలిన పేజీల్లో రాస్తున్నా. నా చదువు ఐదో క్లాసు. నేను తప్పు రాస్తే అది పకపకా నవ్వేది. ఇప్పుడు ఎన్ని తప్పులైనా రాసుకోవచ్చు.

జూన్ 5

ఆ బ్రెయిన్ బ్యాండు కొన్నది నేనే. తలకి పెడితే పిల్ల బుర్ర చదువు మీద ఉందో లేదో చెప్పేస్తుందన్నారు. ఉంటే పచ్చ లైటు, లేకపోతే ఎరుపు. ఫోన్లో చాంతాడంత ఏదో వచ్చింది. చదవకుండానే ఓకే నొక్కాను.

జారిపోతోందమ్మా అని తీసి పడేసేది. నా దగ్గరా సాకులు? టైలర్ని. ఎలాస్టిక్కు మడిచి మిషన్ మీద రెండు కుట్లు వేశాను. ఇక జారలేదు.

ఎర్ర లైటు వెలిగినప్పుడల్లా, దిక్కులు చూస్తున్నావా అని తొడపాశం పెట్టాను.

జూన్ 9

అవి దిక్కులు చూడడం కాదట, డాక్టరు చెప్పాడు. మూర్ఛట. కింద పడకుండా, కళ్ళు తెరిచే ఉండి, కాసేపు మనిషి అక్కడ లేకుండా పోయే మూర్ఛ. చివరికి పెద్దది వచ్చింది, మెట్ల మీద ఉండగా.

జూన్ 12

ఇలాంటి సామాన్ల మీద గవర్నమెంటు వాళ్ళు కమిటీ వేశారు. వచ్చి చెప్పమన్నారు. రెండు నెలల ఎరుపంతా కంపెనీ కంప్యూటర్లో ఉందని మా తరఫు లాయరమ్మ చెప్పింది. ఈ పిల్లకి ఏదో తేడాగా ఉందని వాళ్ళ మనిషే ఒకడు రాశాడట. అయినా మాకు చెప్పలేదు. ఇది వైద్యం సామాను కాదు, చెప్పాలని చట్టంలో లేదు అంటున్నారట.

బ్యాండు తెమ్మంది. మీరు దాన్నేం మార్చలేదు కదా అంది.

తెస్తానని మాత్రం చెప్పి వచ్చేశాను.

జూన్ 13

తమ్ముడు వచ్చాడు. విప్పెయ్ అక్కా, రెండు కుట్లేగా, నీకు చిటికెలో పని, లేదంటే అంతా నీ నెత్తినే రుద్దుతారు అన్నాడు. నీ బుద్ధి కుక్క తినా అన్నాను. రాత్రంతా వాడి మాటే ఆలోచించాను.

జూన్ 15

బ్లేడు పెట్టాను. కుట్టులో మా పిచ్చుక వెంట్రుక ఇరుక్కుని ఉంది.

జూన్ 18

కమిటీ ముందు కంపెనీ లాయరు బ్యాండు పైకెత్తి, ఈ కుట్లు ఎవరివి అన్నాడు. బళ్ళో లాగ చెయ్యెత్తాను. నేను తెలీక గిచ్చాను, మీరు తెలిసి ఊరుకున్నారు, మీలో ఎవరైనా ఎత్తండి అన్నాను.

ఎవరూ ఎత్తలేదు. నాకు చెయ్యి దింపడం రాలేదు.