ఉపయోగం అనే గడి

12 జనవరి 2002
రీసెర్చి గ్రాంటు అప్లికేషన్ తిరిగొచ్చింది. కారణం ఒక్క ముక్క — సమాజానికి ఉపయోగం స్పష్టంగా లేదు. ఫారంలో 'ఉపయోగం' అనే గడిలో నేను రాసింది నిజమే. వేడెక్కిన లోహంలో పరమాణువులు ఎలా కదులుతాయో, కదిలే ఆ క్షణంలోనే చూడాలి. ఇంతవరకు సరిగ్గా తెలియదు గనుక.
తెలియకపోవడం ఒక కారణం కాదట.

15 జనవరి
మా డిపార్ట్‌మెంట్ హెడ్ సార్ నవ్వారు. "కరువు జిల్లాలో కూర్చొని లోహమంటే ఎవరిస్తారమ్మా... శెనక్కాయ మీద ఏదన్నా రాయి."
రాశాను. వేరుశెనగ తెగుళ్లను తొలిదశలోనే పట్టే పరికరం. నాలుగు వాక్యాలు, నాలుగూ అబద్ధం. ఆ రోజే పోస్టు చేశాను.

2 జూలై
గ్రాంటు మంజూరైంది. సంతోషపడాలి.
"దేనికి పనికొస్తాది పాపా?" అని ఫోన్‌లో నాయన. గడిలో రాసిందే చెప్పాను. సాయంత్రానికల్లా ఊరంతా చెప్పుకున్నాడట.

9 మార్చి 2003
శెనక్కాయ డబ్బుతో కడుతున్నది నా లోహం మిషనే. మళ్లీ కరెంటు పోయింది. రెండు రోజులు పట్టి దాని గొట్టంలోంచి పంపుతో తోడిన గాలి తిరిగి చేరింది. గాలి ఉంటే ఎలక్ట్రాన్లు గొట్టం చివరున్న తెర దాకా పోవు. మళ్లీ మొదటి నుంచి.

20 జూన్
లేజర్ మెరుపు తగలగానే ఎలక్ట్రాన్లు గుంపుగా లేచి, లోహపు పొర దాటి తెర మీద వలయాలు వేయాలి. తెర నల్లగానే ఉంది.
ఎప్పుడో ఎవరో ఊరికే తెలుసుకుందామని చూసిందే కదా, ఇవాళ ఆసుపత్రిలో ఎక్స్‌రే. ఆ మాట గడిలో రాసి ఉండాల్సింది. నాకు ధైర్యం లేదు, అంతే.

28 ఆగస్టు
వాన లేదు. కళ్యాణదుర్గం బస్సు దిగి చిన్నాయన నేరుగా ల్యాబుకే వచ్చాడు. తడి గోనెలో వేర్లతో సహా వేరుశెనగ చెట్టు. మొవ్వులోని లేత చిగురంతా మాడిపోయి ఉంది.
"మిషన్లో చూసి చెప్పు పాపా. ఇప్పుడు పీకితే గొడ్లకు మేతన్నా అయితాది. కోలుకుంటాదంటే ఉంచుకుంటాం. కోలుకోనిదానికి ఇంకా ఆగితే మేతా ఉండదు, పంటా ఉండదు."
ఇది ఆకుల్ని చూసే మిషన్ కాదు అనాలి.  ఆకు ఒకటి తుంచి పక్క బల్ల మీద పెట్టి, గది చీకటి చేసి మీట నొక్కాను. మిషన్ లోపల ఉన్నది ఆకు కాదు, పలుచని బంగారు పొర, అంతే.
తెర మీద వలయాలు. ఆకుపచ్చగా, ఒకదాని చుట్టూ ఒకటి... ఇన్నాళ్లకు. ఏడ్చేశాను.
చిన్నాయన లేచి నిలబడ్డాడు. "ఇది మన చెట్టేనా పాపా?"
గుమ్మంలో హెడ్ సార్ ఉన్నారు, గ్రాంటు కాగితాల మీద సంతకం ఆయనదే. అవునన్నాను.
"ఇంత వెలుగుండాదంటే బతికుండాది లే."
నేను మీట కట్టేసి గదిలో లైటు వేశాను. చిన్నాయన గోనె మడిచి చంకలో పెట్టుకొని వెళ్లిపోయాడు.

30 ఆగస్టు
డిపార్ట్‌మెంట్‌లో అందరికీ స్వీట్లు. "పేపర్ రాసేయమ్మా" అంటున్నారు. వలయాల ఫోటో చాలా అందంగా ఉంది. చూడలేకపోతున్నాను.

3 సెప్టెంబర్
నాయన ఫోన్. "మీ చిన్నాయన పీకలేదు పాపా. ఆయన్ను చూసి మనమూ నిలిపినాం, ఊర్లో ఇంకా కొందరు నిలిపినారు. బతుకుతాదని నువ్వు మిషన్లో చూసినావంట గదా."
గొంతులో అంత సంతోషం విని ఎన్నాళ్లయిందో. మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేశాను.
నిజం చెప్పేస్తే కనీసం మేత దక్కుతుంది. రేపు ఊరికి పోయి చెప్పాలి.

4 సెప్టెంబర్
బస్టాండుకు పోయాను. కళ్యాణదుర్గం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. టికెట్ కూడా తీసుకున్నాను.
కదలక ముందే దిగేశాను.