నలభై నిమిషాల చొప్పున ఏడుసార్లు

ప్రయాణికుల ఫిర్యాదుల అధికారి గారి సముఖమునకు,
విమానాశ్రయం, రెండవ అంతస్తు.

విషయం: ఉదయం తొమ్మిదిన్నర విమానం ఇప్పట్లో బయలుదేరదని ఒక్క ముక్క రాతపూర్వకంగా ఇప్పించుట గురించి.

అయ్యా,

ఇరవయ్యారో గేటు దగ్గర కూర్చుని ఒక బస్సు డిపో టైమ్ కీపరు విన్నవించుకొనునది.

1. సదరు విమానం ఆలస్యమని ఇప్పటికి ఏడుసార్లు ప్రకటించడమైనది. ప్రతిసారీ నలభై నిమిషాలే. ఒకే ప్రకటనలో మూడు గంటలు దాటితే తప్ప ప్రయాణికుడికి వేరే కంపెనీ విమానానికి మారే హక్కు లేదని టికెట్టు నిబంధనల్లో ఉన్నది. ఏడు నలభైలూ కలిపి చూడమని కౌంటరులోని అమ్మాయిని అడిగాను. "కలపడానికి రూలు లేదండీ" అన్నది. అద్దంలోంచి చూస్తే గేటు దగ్గర విమానమే లేదు. లేని విమానానికి నలభై నిమిషాలేమిటండీ?

2. నాలుగు గంటలకు వేరే కంపెనీ విమానం కలదు. సీట్లున్నవి. దాని కౌంటరు మూడింటికి మూసివేయబడును. ఇప్పుడు ఒకటీ యాభై.

3. ప్రయాణ కారణం: మా అక్క. ఆమె కిడ్నీలు రెండూ పాడైనవి. నాది ఒకటి సరిపోతుందని తేలినది. రేపు ఉదయం ఎనిమిదికల్లా నేను ఆసుపత్రిలో చేరాలి. చేరకపోతే ఆపరేషను తేదీ ఇంకొకరికి పోతుంది, మళ్ళీ పదకొండు వారాలకు గానీ రాదు. అక్క అన్నాళ్ళు ఆగలేదని డాక్టరు గారు నాకొక్కడికే చెప్పారు. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచింది ఆవిడేనండీ. ఈ ముక్క అర్జీలో రాయకూడదేమో, ఉండనివ్వండి.

4. పై సంగతి కౌంటరులో మొరపెట్టుకొనగా, "కావాలంటే మీ సామాను ముందు పంపిస్తామండీ" అన్నారు. అయ్యా, ముందు పంపవలసిన సామాను నా ఒంట్లోనే ఉన్నది.

5. ప్రయాణికుల హక్కు కింద మూడు భోజనం కూపన్లు ఇచ్చారు. వాటికి వచ్చేవన్నీ డాక్టరు తినవద్దన్న వేపుళ్ళే. ఇంతలో అక్క ఫోను. "ఎక్కావా చిన్నోడా? ఏమన్నా తిన్నావా?" అంది. "ఎక్కేశానక్కా, ఫోను ఆపెయ్యమంటున్నారు" అని అబద్ధమాడి పెట్టేశాను.

కావున సదరు విమానం మూడు గంటలకు పైగా ఆలస్యమని ఒక కాగితం మీద సంతకం చేసి, నన్ను నాలుగింటి విమానం ఎక్కించవలసినదిగా మీ కాళ్ళు పట్టుకుని వేడుకుంటున్నాను. నా మొర తక్షణమే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నీలం చొక్కా, సీటు నంబరు 14-సి

తా.క.: బోర్డు మళ్ళీ మారింది. ఇంకో నలభై. అయ్యా, ఈ కిటుకు నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా డిపోలో నేను చేస్తున్నది ఇదే. బస్సు రాదని చెబితే జనం వేరే బండెక్కి పోతారు. అందుకని రాదని తెలిసినా మైకులో అరగంట, ఇంకో అరగంట అంటూ కూర్చోబెడతాం. ఒకసారి ఒకావిడ మందుల సంచి పట్టుకుని నా కిటికీ దగ్గరికి ఆరుసార్లు వచ్చింది. "వస్తుందా బాబూ?" అని అడిగింది. ఆరుసార్లూ "వచ్చేస్తోందమ్మా" అన్నాను. ఆ బస్సు ఆ రోజు పొద్దున్నే రద్దయిపోయింది. ఆ మందులు ఎవరికోసమో నేను అడగలేదు.

మీ గది తలుపు వేసి ఉంది. ఈ కాగితం కింది సందులోంచి తోస్తున్నాను. లోపల లైటు వెలుగుతోంది, మీరున్నారని తెలుసు. నేను బయటే నిలబడి ఉన్నాను. ఆవిడకి నేను చెప్పని మాట మీరు నాకు చెప్పండి. రాదని చెప్పండి, చాలు.