గురువారం తడిజుట్టు

అక్కా,

ఫోనులో నువ్వు "ఎలా ఉందే మీ స్వర్గం?" అని అడిగినప్పుడల్లా "బ్రహ్మాండం" అని పెట్టేస్తున్నాను. పక్కనే ఈయన ఉంటారు, ఇంకేం చెప్పమంటావు? అందుకే కాగితం మీద పడ్డాను.

స్వర్గం కాదని అనను. కిటికీ తీస్తే చెరువు, చెరువు వెనక పండ్లతోటలు, తోటల వెనక కొండ. సెలవురోజున రొట్టెల దుకాణం నుంచి వంతెన దాకా పట్నం కార్లే. చెరువు గట్టున ఈయన పెట్టిన అద్దె సైకిళ్ళ దుకాణంలో మధ్యాహ్నానికి ఒక్క సైకిలూ మిగలదు. నాకూ పని దొరికిందని చెప్పానుగా. బస్సులు ఆగే చోట ఊరివాళ్ళు ఒక గది కట్టారు, అందులో కూర్చుని వచ్చినవాళ్ళకి దారి చెప్పాలి. పటం నేనే గీశాను, రంగు పెన్సిళ్ళతో. ఆదివారం సంత ఇక్కడ, కొండ మీద బురుజు ఇక్కడ, జలపాతం ఇక్కడ. జలపాతానికి రోడ్డు మీద పెద్ద బోర్డు ఉన్నా అందరూ నన్నే అడుగుతారు. నీలం పెన్సిలంతా దానికే అరిగింది.

నా గొడవ అది కాదు. ఇక్కడ గురువారం మధ్యాహ్నం దుకాణాలన్నీ మూసేస్తారు. మూస్తే మూశారు, సెలవనుకున్నాను. కానీ మనుషులే ఉండరు అక్కా. నా గది ఒక్కటే తెరిచి ఉంటుంది, అందులో నేనొక్కదాన్ని. పొద్దువాలాక గుంపులు గుంపులుగా తిరిగొస్తారు, అందరి జుట్టూ తడిగా ఉంటుంది. రొట్టెల దుకాణం ఆవిడ ఈ ఊరికి పెద్ద దిక్కు. ఆవిడ కొప్పులోంచి నీళ్ళు కారుతుంటే "ఎక్కడికెళ్ళారండీ?" అని అడిగాను. "నీకు తెలీనట్టు అడుగుతావేం?" అని నవ్వి లోపలికి పోయింది. వడ్రంగిని అడిగాను. "ఏమీ ఎరగనట్టు మొహం పెట్టడం మీ తర్వాతే ఎవరైనా" అన్నాడు. ఏమిటీ వెటకారం? నేనేం చేశాను వీళ్ళకి?

పైగా, గురువారం గురువారం ట్యూబులు కొనుక్కొస్తానని వెళ్ళే మీ మరిది జుట్టు కూడా తడే. అడిగితే చెమటంటారు. ఇంత చలిలో. అనుమానం పెనుభూతం అంటావు నువ్వు. ఎవరైనా ఆడమనిషేమోనని ఒక పూట ఆలోచించాను కూడా. కానీ ఊరు ఊరంతా కలిసి చేసే వ్యవహారం ఏముంటుంది చెప్పు? నా బుర్ర పనిచెయ్యడం లేదు.

వచ్చి ఏడాది దాటింది. అందరూ పలకరిస్తారు, ఎవరూ పిలవరు. మీ కళ్ళజోళ్ళ దుకాణంలో నా కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందా? ఊరికే అడుగుతున్నాను.

నీ
వసపిట్ట

*

అక్కా,

తెలిసిపోయింది. తెలియకపోయినా బాగుండేది.

గురువారం సాయంత్రం పట్నం నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాం నా గదిలోకి వచ్చారు. పొద్దున మన దుకాణంలోనే సైకిళ్ళు తీసుకున్నారు, తోటల్లో దారి తప్పారు. "ఆ రెండో జలపాతం మీ పటంలో లేదేంటండీ?" అన్నాడు అతను. "ఇక్కడ ఒకటే జలపాతమండీ" అన్నాను, పాఠం చెప్పే పంతులమ్మలా. "మరి మీ ఊరంతా నీళ్ళలో ఉన్నది ఎక్కడ? మాకు సైకిళ్ళిచ్చినాయన కూడా ఉన్నాడు. మమ్మల్ని చూసి బండ వెనక నక్కాడు" అంది ఆవిడ. దారే పోయేవాళ్ళు చెబితే తెలిసింది నాకు. వాళ్ళ ముందు నవ్వాలో ఏడవాలో తెలియక, చేతిలో పెట్టిన పటాన్నే మళ్ళీ మడతపెట్టి ఇచ్చాను.

ఇంటికొచ్చాక, కంచం పెడుతూ, "ఆ రెండో జలపాతం లోతెంతండీ?" అన్నాను. గ్లాసు నోటి దాకా వచ్చి ఆగింది. తర్వాత అంతా కక్కారు. మేం వచ్చిన కొత్తల్లోనే వడ్రంగి తీసుకెళ్ళాడట. బయట పెట్టొద్దని మాట తీసుకున్నాడట.

"నాక్కూడానా?" అన్నాను.

"నీకు చెప్పొచ్చని ఆయన అనలేదుగా" అన్నారు.

అక్కా, ఈ మనిషి నిజాయితీకి దండ వెయ్యాలో, నెత్తిన చెంబుడు నీళ్ళు పొయ్యాలో నాకు తెలియడం లేదు. నీళ్ళు ఎలాగూ అలవాటే.

ఈయన సంగతి అలా ఉంచు. ఊరి సంగతి చూడు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. నన్ను ఆ గదిలో ఎందుకు కూర్చోబెట్టారో ఇప్పుడు అర్థమైంది. తెలియనిదాన్ని కూర్చోబెడితే అబద్ధమాడినట్టు ఉండదు కదా. నేను వీళ్ళ ఇంటి గుమ్మాన్ని. గుమ్మం లోపలున్నట్టా, బయటున్నట్టా? నాకు ఏడుపొస్తోంది, కోపమొస్తోంది, ఎవరి మీదో తేల్చుకోలేకపోతున్నాను. వాళ్ళ ఊరు, వాళ్ళ నీళ్ళు, వాళ్ళిష్టం అనీ అనిపిస్తుంది. మరి ఈయన్నెందుకు రానిచ్చారు, నన్నెందుకు కాదన్నారు? నాలో ఏం లోటు కనబడింది?

శనివారం బస్సుకి వచ్చేస్తున్నాను. ఈయన్ని రమ్మనలేదు, ఉండమనీ అనలేదు. నేను సామాను సర్దుతుంటే పక్కన కూర్చుని నా చీరల మడతలు సరిచేస్తున్నారు. అది చూస్తే ఇంకా ఏడుపొచ్చింది. నా కుర్చీ దులిపించు.

నీ చెల్లెలు

*

అక్కా,

రావడం లేదని ఫోనులో రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను. కంగారుపడి ఉంటావు. ఇది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు మరి.

పోయిన శుక్రవారం గది తాళంచెవి ఇచ్చేద్దామని రొట్టెలావిడ దగ్గరికి వెళ్ళాను. "మా అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నానండీ. ఇక రాను" అన్నాను.

ఆవిడ పిండి చేతులతోనే బయటికొచ్చింది. "వెళ్తావని అనుకుంటూనే ఉన్నాలే. మా ఊరు నీకెప్పుడు ఆనింది గనక" అంది.

నాకు ఒళ్ళు మండింది. "నాకు ఆనకపోవడమా? ఏడాదిలో ఒక్క గురువారమైనా పిలిచారా?"

"సొంత మనుషుల్ని పిలవడమేంటి? ఆవిడ రాదా, ఆవిడ రాదా అని మీ ఆయన్ని అడిగి అడిగి నోరు నొప్పెట్టింది. రాదండీ అంటాడు. పట్నం పిల్ల, మాతో నీళ్ళలో దిగడం నామోషీ కాబోలనుకున్నాం."

"అసలు అలాంటిది ఉందని నాకు తెలిసిందే నిన్న."

ఆవిడ పిండి చేతులు కొంగుకి తుడుచుకుంది. "మీ ఆయన చెప్పలేదా?" అంది.

ఇక్కడి పద్ధతేమిటంటే అక్కా, కొత్తగా వచ్చిన ఇంట్లో ఒక్కరికే చెబుతారు. ఇంట్లోవాళ్ళకి ఆ ఒక్కరు చెప్పుకోవాలి. ఊరి బయట మాత్రం ఒక్కొక్కరు జన్మకి ఒక్క మనిషికే చెప్పుకోవచ్చు. ఇక్కడ పుట్టినవాళ్ళకి ఇది ఉగ్గుపాలతో వచ్చిన సంగతి. అందుకని వడ్రంగి "బయట పెట్టొద్దు" అన్నాడే గాని, మిగతాది చెప్పాలని తోచనే లేదు.

ఆవిడ మనిషిని పంపి ఈయన్నీ వడ్రంగినీ పిలిపించింది. వడ్రంగి తల పట్టుకున్నాడు. "పెళ్ళానికి చెప్పొద్దని ఎవడైనా అంటాడా సారూ?"

"చెప్పమని కూడా మీరు అనలేదుగా" అన్నారు ఈయన.

"మరి ఆవిడ రాదా అని మేం అడిగితే?"

"నన్ను పరీక్షిస్తున్నారనుకున్నాను."

రొట్టెలావిడ నవ్వలేక గోడకి చేరబడిపోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. "మరి నన్నా గదిలో ఎందుకు పెట్టారు?" అని అడిగాను. అదొక్కటే నన్ను తొలుస్తోంది.

"ముందు ఊరికే పెట్టాం. తర్వాత మార్చబుద్ధి కాలేదు. ఎవరెంత గుచ్చి అడిగినా ఒకటే జలపాతమని కళ్ళార్పకుండా చెప్పేదానివి. ఇంత గట్టి మనిషి మాలో కూడా లేదనుకున్నాం" అంది ఆవిడ.

ఏం చెప్పను అక్కా. ఊరంతా నన్ను గర్విష్ఠిదాన్ననుకుంటోంది, నేను ఊరంతటినీ దొంగలనుకుంటున్నాను, మధ్యలో ఈయన మాట నిలబెట్టుకుంటున్నారు. ఎవరి మీద అలగాలి? పోయిన ఏడాది నాకు వెనక్కి ఎవరిస్తారు? ఆవిడ తాళంచెవి మాత్రం తీసుకోలేదు.

నిన్న గురువారం. గది మూసి వెళ్ళాను. తోటల వెనక సందులోంచి, రెండు బండల మధ్య దూరి వెళ్ళాలి. తీరా చూస్తే ఇంతేనా అనిపించింది. మన పెరట్లో కుళాయి కంటే కాస్త పెద్ద ధార, కింద మోకాటి లోతు మడుగు. బోర్డు జలపాతం దీనికి ఎన్నో రెట్లు అందం. "దీన్నా దాచుకున్నారు?" అన్నాను.

"అందమైనదాన్ని వచ్చేవాళ్ళకి ఇచ్చేశాం. ఇది మాకుంచుకున్నాం" అంది రొట్టెలావిడ, మడుగులో చతికిలబడి.

కాసేపుంటే తెలిసింది. అక్కడెవరూ ఫొటో తియ్యరు. ఎవరూ దారి అడగరు. ఆవిడ కోడలి మీద చాడీలు చెప్పింది. వడ్రంగి బండ మీద పడుకుని గురకపెట్టాడు. నాకు చోటివ్వడానికి ఎవరూ ప్రత్యేకంగా లేవలేదు, అదే నచ్చింది. చెంబు లేదు గనక ఈయన నెత్తిన దోసిళ్ళతో పోశాను, నా కసి తీరేదాకా. కోపం ఇంకా కొంచెం ఉంది. అది ఉండనీ, వారానికింత పోస్తాను.

కుర్చీలో ఇంకెవరినైనా కూర్చోబెట్టుకో. బయట నేను చెప్పుకోదగ్గ ఆ ఒక్క మనిషివి నువ్వయిపోయావు. పద్ధతి తెలియకముందే వాడేశాను, తెలిసినా నీకే వాడేదాన్ని. సెలవుల్లో రా. బావగారినీ తీసుకురా. ఆయనకి మాత్రం నా పటం చేతికిచ్చి బోర్డు జలపాతానికే పంపుతాను, కళ్ళార్పకుండా. మీ ఇంట్లో ఆయనకి చెప్పుకోవడం నీ పని.

చెప్పకపోతే ఏమవుతుందో చూశావుగా.

జుట్టు ఇంకా ఆరని
నీ వసపిట్ట