దొనకొండ స్టేషను ఫోటో పలకల విషయమై మగ్దలీనమ్మ వీలునామా

కర్నూలు జిల్లా, మార్కాపురం వాస్తవ్యురాలు, కీర్తిశేషులు ఏబేలు గారి భార్య, పాఠశాల పనినుండి విరమించిన మగ్దలీనమ్మ అను నేను, డెబ్బై ఒకటో ఏట, మోకాళ్ళు తప్ప తక్కినవన్నీ సరిగ్గా పనిచేస్తుండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా స్వహస్తంతో రాసిన మరణశాసనం ఇది. నా బుద్ధి స్థిమితం మీద అనుమానం ఉన్నవారు మొత్తం చదివి నిర్ణయించుకోవచ్చు.

1. ఇల్లు, పెరడు నా కుమారుడు సంజీవరావుకు. చంద్రశేఖరపురం దగ్గరి మెట్ట చేను కుమార్తె మార్తమ్మకు. గట్టు మీది వేపచెట్టు మనదే. పక్క చేనివారు ఏమన్నా తగ్గవద్దు.

2. ఫోటోలు కడిగే చీకటి గదిలోని గాజు నెగటివు పలకలన్నీ సంజీవరావు కుమార్తె ఎలీషబాకు. కరువు ఏళ్ళలో పల్లెలు ఖాళీ చేసి కృష్ణా కాలువల కిందికి కూలికి పోయేవారిని దొనకొండ స్టేషనులో నిలబెట్టి, కుటుంబం కుటుంబంగా నా భర్త తీసిన ఫోటోలు అవి. ఆయన తీశారు, పలకలు కడిగింది నేను. సంజీవరావు వాటిలో కొన్నింటి మీది బొమ్మలు గోకేసి, ఆ గాజును తన అల్మారా తలుపులకు బిగించుకున్నాడు. అడిగితే, "ఎవురో కూలోళ్ళ మొగాలు మనకెందుకమ్మా, గాజన్నా పనికొస్తాది" అన్నాడు. తరువాత సుబ్బయ్య అనే అతను తన తల్లి ఫోటో కోసం వచ్చాడు. ఆమె ఆ తలుపులోకి పోయిందని చెప్పాను. "పోనీలే అమ్మా. ఆ తలుపు కాడ రోంతసేపు నిలబడొచ్చునా?" అన్నాడు. నిలబడి, మజ్జిగ కూడా తాగకుండా పోయాడు. ఇకమీదట ఒక్క పలక గోకినా సంజీవరావు హక్కు రద్దయి ఇల్లు ఎలీషబాకు చెందుతుంది.

3. నా నీలం వెంకటగిరి చీర మార్తమ్మకు. ఆ ఫోటోలలో ఆడవారందరూ కట్టుకున్నది ఈ చీరే. మొదట అడిగింది తర్లుపాడు గురమ్మ. "ఊరిడిసి పోతాండామని కోక గూడ లేనోళ్ళ మాదిరి అగపడల్లనా అమ్మా? నీది ఒక గడియ ఇయ్యి, నమిలి మింగనులే" అంది. ఆమె విప్పగానే వెనకామె అందుకుంది. రైలు కూసేదాకా నేను ఆడవారి గదిలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. ఆ తరువాత ఫోటోల రోజున అదనపు చీర తీసుకెళ్ళడం అలవాటు చేసుకున్నాను. ఈ ఫోటోలు చెన్నపట్నంలో ఒక పత్రికకు పంపితే, పెళ్ళివారిలా ఉన్నారు, కరువు ఎక్కడా కనిపించలేదని తిప్పి పంపారు. వారు పాదాలు చూడలేదు. ఈ చీర నా సమాధిలో పెట్టకూడదు. నాకు తెల్లచీర చాలు. కుచ్చిళ్ళ దగ్గరి చిరుగు కుట్టించవద్దు.

4. పెద్ద కెమెరా, దాని మూడు కాళ్ళ స్టాండు కూడా ఎలీషబాకే. ఆడపిల్లకు అవెందుకు అనేవారికి నా భూస్థాపన నాడు భోజనం పెట్టనవసరం లేదు.

5. ఈ వీలునామా అమలు బాధ్యత గిద్దలూరు వర్తకులు రాధాకృష్ణమూర్తి గారిది. లెక్క విషయంలో మా ఇద్దరికీ ఎన్నడూ తేడా రాలేదు, మాట విషయంలో వచ్చింది. అయినా ఆయన్నే నమ్ముతున్నాను. తమవారి ఫోటో కోసం ఎవరు వచ్చినా ఎలీషబా ఊరికే ప్రింటు వేసి ఇవ్వాలి. ఋజువు అడగరాదు. ఊరూ ఇల్లూ పోయినవారి దగ్గర ఋజువు ఏముంటుంది?

ఇన్నేళ్ళకు ఎవరొస్తారని నా కుమారుడు అంటాడు కనుక ఇది రాస్తున్నాను. పోయిన వేసవిలో కోటమ్మ అనే పిల్ల వచ్చింది. ఫోటో తీసిననాడు చంకలో బిడ్డ. తండ్రి కాలువల కిందే జ్వరంతో పోయాడు, ఆమెకు ఆయన ముఖం తెలియదు. ప్రింటు చేతిలో పెట్టాను. చాలాసేపు చూసి, తన చెవులు తడుముకుని, "ఈ చాటలంతేసి చెవులు నాకు యాడియని మా యమ్మనడిగితే చెప్పకపాయ. నాయన్వే గదవ్వా" అని నవ్వింది. నవ్వుతూనే గడప మీద కూలబడి, పొద్దు వాలేదాకా లేవలేదు.

1946 సంవత్సరం ఆగస్టు 19, మార్కాపురం.

(సంతకం) మగ్దలీనమ్మ

సాక్షులు:
ఆదినారాయణ, మార్కాపురం
అనంతలక్ష్మి, గిద్దలూరు