ఒక సైజు పెద్ద గాజులు

నరసరావుపేట, శుక్రవారం రాత్రి

రెండో బిడ్డ సంగతి అడగడానికి ఇవాళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. పోయినసారి కడుపుతో ఉన్నప్పుడు వచ్చిన బీపీ మళ్ళీ రావచ్చు, రాకపోనూవచ్చు అంది. కనాలనుకుంటే మొదటి నుంచీ మందులు వాడుతూ జాగ్రత్తగా ఉండాలట. బయటికి రాగానే మా ఆయన బండి తీస్తూ, "వద్దన్లేదుగా, ఇంకేంది నీ భయం?" అన్నాడు. ఆయనకు వినపడింది అంతే.

సీమంతం నాడు తొడిగిన మట్టిగాజులు నెల తిరక్కుండానే నా చేతులకు బిగుసుకుపోయాయి. ఒళ్ళు చేశానని అత్తయ్య మురిసిపోయింది. అది ఒళ్ళు కాదు, వాపు. తల పగిలిపోతూ, కళ్ళు మసకబారి ఆసుపత్రిలో పడి ఉంటే, సెలైన్ పెట్టడానికి నర్సు గాజులు పగలగొట్టబోయింది. అత్తయ్య అడ్డంపడింది. "కానుపు కాకముందే పగలగొడితే మొగుడికి మంచిది కాదమ్మా, సబ్బు రాసి తియ్యి." ఆ మొగుడు పక్కనే గోడకు ఆనుకుని నిక్షేపంగా నిలబడి ఉన్నాడు. చివరికి నర్సు ఆమె మాట వినకుండా పగలగొట్టింది. పాపను నెలలు నిండకుండానే కడుపు కోసి తీశారు.

ఇవాళ ఇంటికొచ్చేసరికి మంచం మీద డజను ఆకుపచ్చ గాజులున్నాయి. "పోయినసారియి చానా బిగుసుకుపోయినయ్ గదా, ఈసారి ఒక సైజు పెద్దయి తెచ్చా" అంది అత్తయ్య. నేనింకా సరేననలేదు. అంత జరిగితే ఆమె నేర్చుకున్నది గాజుల సైజు.

పాప నిద్రపోయాక వేసుకుని చూశాను. బాగా వదులు. ఈసారి నా చేతులు ఎంత వాచినా ఎవరికీ తెలియదు.