మేకులు కొట్టిన కర్టెన్

ఫిబ్రవరి 9

ఎర్నానీని ఇంటికి తెచ్చాం. పదిహేడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. కడుతున్న బిల్డింగ్ రెండో అంతస్తు నుంచి పడ్డప్పుడు తల ఇనుప చువ్వల కట్టకు తగిలింది. ఎముక అతుక్కుంటుంది, మెదడు వాపు తగ్గడానికే టైమ్ పడుతుంది అన్నాడు డాక్టర్. అంతవరకూ వెలుతురు వద్దు, చప్పుడు వద్దు అన్నాడు. కలోకన్‌లో, మా సందులో, చప్పుడు వద్దట. తల ఊపి వచ్చేశాను.

ట్రైసికిల్ ఆటో దిగుతూనే గోడ వైపు తిరిగి వాంతి చేసుకున్నాడు. కళ్ళు తెరవలేదు. లిగాయా గుమ్మానికి కాగితం పూలు కట్టింది. అతను చూడలేదు. దానికి ఏడేళ్ళు. నాన్న నిద్రలో నడుస్తున్నాడా అమ్మా అని అడిగింది.

ఫిబ్రవరి 10

కిటికీకి దుప్పటి కట్టాను. లాభం లేదు. మధ్యాహ్నానికి దుప్పటే దీపంలా వెలుగుతోంది.

ఫిబ్రవరి 12

మార్కెట్‌లో పాత బట్టల కొట్టుకు వెళ్ళాను. ఏదో హోటల్ మూసేస్తే వచ్చిన కర్టెన్లు గుట్టగా పడి ఉన్నాయి. నల్లది లాగాను. కొట్టామె బెబాంగ్ అది నా చేతిలోంచి లాక్కుంది. "రంగు చూసి మోసపోకు పిల్లా. లైటుకి అడ్డం పెట్టి చూడు. చుక్కలు కనిపించాయా, అది కర్టెన్ కాదు, జల్లెడ" అంది. వెనక రబ్బరు పూత ఉన్న బూడిద రంగుది ఒకటి తీసి ఇచ్చింది. తడిసిన గోనెసంచిలా బరువు. లైటుకి పట్టి చూస్తే ఒక్క చుక్క లేదు. అలాంటివే నాలుగు తెచ్చాను.

కుట్టడం నా పనే, స్కూల్ యూనిఫాంలు కుడతాను. కానీ కర్టెన్ సంగతి వేరు. కిటికీ కొలతకి సరిగ్గా కుడితే పక్కల నుంచి ఎండ గీతలు గీతలుగా దూరుతుంది. అటు జానెడు, ఇటు జానెడు ఎక్కువ పెట్టాను. కింద నేలకి తగిలేలా వదిలాను. కడ్డీ రెండు చివరలూ గోడకి ఆనేలా వంచి కొట్టించాను.

ఎర్నానీ నాలుగు గంటలు కదలకుండా పడుకున్నాడు. గర్వంగా ఉంది నాకు.

ఫిబ్రవరి 20

గుడ్డ వెలుతురుని ఆపుతుంది. చప్పుడుని ఆపదు, మొద్దు చేస్తుందంతే. పక్కింటి కోంచింగ్ అక్క పాటలు పాడుకునే యంత్రాలు అద్దెకిస్తుంది. అద్దెకి పోనివి ఆమె వరండాలోనే మోగుతుంటాయి. కర్టెన్ వేశాక పాట వినపడదు గానీ దరువు మాత్రం గోడలోంచి వస్తోంది. ఎర్నానీ ఆ దరువుకి పళ్ళు కొరుకుతున్నాడు. మడతలు ఎక్కువ పెట్టి రెండో పొర వేశాను. అతని గది గుమ్మానికి కంబళి వేలాడదీశాను.

అక్కని అడగడానికి సిగ్గేసింది. అది ఆమె బతుకుతెరువు. నేను నోరు తెరవకముందే ఆమే అంది: "చూశాన్లేవే. శవాన్ని చుట్టినట్టు చుట్టావు ఇంటిని. స్పీకర్లు రోడ్డు వైపు తిప్పుతాను. సాయంత్రం నాలుగు దాకా ఆన్ చెయ్యను. ఆ తర్వాత నన్నేమీ అనకు, నేనూ తినాలి."

మార్చి 3

నా కుట్టుమిషన్ కూడా చప్పుడే. దాన్ని అక్క వరండాలోకి మార్చాను. ఇంట్లోకి వెళ్తే కాసేపు ఏమీ కనపడదు. గోడ తడుముకుంటూ నడుస్తున్నాను.

మార్చి 11

లిగాయా చెప్పులు మానేసింది. మునివేళ్ళ మీద నడుస్తోంది. నేను చెప్పలేదు.

మార్చి 17

చెంచా కింద పడింది. అంతే. ఎర్నానీ స్టీలు గ్లాసు విసిరాడు. లిగాయా చెవికి బెత్తెడు దూరంలో తలుపుకి తగిలింది. తర్వాత ఏడ్చాడు. తన ఏడుపు తనకే భరించలేనిదై దిండులో మొహం దాచుకున్నాడు. లిగాయా చెంచాలన్నీ ఏరి గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టింది. చేత్తో తింటున్నాం.

మార్చి 26

టీచర్ పిలిపించింది. పాఠం చదవమంటే మీ అమ్మాయి పెదవులు కదుపుతుంది, గొంతు మాత్రం రాదు అంది. ఇంట్లో ఎవరైనా కొడతారా అమ్మా అని అడిగింది. లేదన్నాను. ఎవరైనా పోయారా అంది. లేదన్నాను. "కాస్త గట్టిగా చెప్పండి, వినపడ్డం లేదు" అంది. నేను కూడా గుసగుసలాడుతున్నానని అప్పుడు తెలిసింది.

ఏప్రిల్ 8

చెకప్. ఎర్నానీ తలకీ మొహానికీ తువ్వాలు చుట్టి తీసుకెళ్ళాను. స్కాన్ బాగుంది. ఈసారి డాక్టర్ వేరే అతను, చిన్నవాడు. ఇంకా చీకట్లోనే ఉంచారా అని అడిగాడు. రెండు నెలలైందన్నాను. పెన్ను కింద పెట్టేశాడు. "రెండు మూడు వారాలు చాలమ్మా. చీకటికి అలవాటు పడితే చిన్న వెలుతురు కూడా గుచ్చుకుంటుంది. చెవులూ అంతే. రోజుకో బెత్తెడు తెరవండి" అన్నాడు.

ఈ మాట ముందు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. పైగా మూడో పొర కోసం గుడ్డ కొలిచి పెట్టుకున్నాను.

ఏప్రిల్ 9

బెత్తెడు తెరిచాను. మూశాడు. తెరిచాను. మూశాడు.

ఏప్రిల్ 10

మార్కెట్ నుంచి వచ్చేసరికి కర్టెన్ అంచు చుట్టూ మేకులు. సుత్తి చప్పుడు ఎలా ఓర్చుకున్నావని అడిగాను. "నా చప్పుడు ఎప్పుడొస్తుందో నాకు ముందే తెలుసు నిటా. మీదే తెలీదు" అన్నాడు.

ఏప్రిల్ 15

పైన రేకులు కాలుతున్నాయి. గాలి లేదు. లిగాయా మెడ నిండా చెమటకాయలు.

ఏప్రిల్ 22

రాయాలి. రాయకపోతే నిద్ర రాదు.

పొద్దున పదకొండు. నేను వరండాలో కాలర్లు కుడుతున్నాను. నాకు సాయం చేద్దామని లిగాయా అన్నం గిన్నె దించబోయింది. మరిగే గంజి ఎడమకాలి మీద పడింది, మోకాలి నుంచి పాదం దాకా. ఆ వంటగదికి వాళ్ళ నాన్న మంచం నాలుగడుగుల దూరం. మధ్యలో కంబళి. నేను గోడకి ఇవతల ఉన్నాను. మా ఇద్దరిలో ఎవరికీ ఏమీ వినపడలేదు.

అన్నం వడ్డిద్దామని వెళ్ళాను. అరగంట అయ్యుంటుంది. మూలన కూర్చుని ఉంది. గౌను అంచు నోట్లో కుక్కుకుని ఉంది. గుడ్డ మీద రక్తం, పెదవి కొరుక్కుంది.

క్లినిక్‌లో చర్మం తీస్తుంటే కూడా నోరు తెరవలేదు. ఎంత ధైర్యం గల పిల్ల అని నర్సు మెచ్చుకుంది. ఆ నర్సుని కొట్టాలనిపించింది.

ఇంటికొచ్చి ఎర్నానీకి చెప్పాను. మంచం మీద లేచి కూర్చున్నాడు. తర్వాత, "అరవొచ్చు కదా. అరిస్తే నేను లేచి వచ్చేవాణ్ణి కదా" అన్నాడు.

"నీకు నొప్పి పుడుతుందని అరవలేదు" అన్నాను.

ఏప్రిల్ 23, మధ్యాహ్నం ఒంటిగంట

మేకులు పీకలేదు. కత్తెర తీసుకుని మధ్యకి కోసేశాను. రెండు పొరలూ. రబ్బరు పూత కదా, బలమంతా పెట్టాల్సి వచ్చింది. ఎండ మంచం మీద పడింది. రెండున్నర నెలల తర్వాత ఎండలో అతని మొహం చూశాను. గడ్డం. చీకట్లో మొలిచిన మొలకలా తెల్లగా ఉన్నాడు. పాక్కుంటూ మంచం కిందికి పోయాడు. నోట్లోంచి ఏదో చప్పుడు, మనిషిది కాదు.

కత్తెర పట్టుకుని నిలబడ్డాను. ఒక్క క్షణం సంతోషంగా ఉంది. అదీ రాస్తున్నాను. తర్వాత నా లంగా తెచ్చి అతని తల మీద కప్పాను.

మంచం కింద నుంచే మాట్లాడాడు. "దాన్ని తీసుకుని మీ చెల్లెలింటికి పో నిటా. మీరు ఊపిరి తీస్తున్నా నాకు వినిపిస్తోంది. ఈసారి గ్లాసు తలుపుకి తగలదు."

ఏప్రిల్ 24

మలోలోస్ వచ్చేశాం. చెల్లెలి ఇల్లు. కిటికీలు ఎనిమిది.

మే 14

ఎర్నానీని చూడ్డానికి వెళ్ళాను. కోసిన చోట చెక్క కొట్టాడు. రోజూ కోంచింగ్ అక్క గంజి గుమ్మం దగ్గర పెట్టి, వేలితో మూడుసార్లు తట్టి పోతోందట. "గిన్నె ఖాళీగా వస్తోంది. అంటే ఉన్నాడు. నేనూ వారం నుంచి యంత్రాలు ఆన్ చెయ్యట్లేదు. చేతులు రావడం లేదే" అంది.

చీకట్లో కూర్చున్నాను. కాలు ఎలా ఉందని అడిగాడు.

"కొత్త చర్మం వచ్చింది."

"నడుస్తోందా?"

"పరిగెడుతోంది."

"చప్పుడు చేస్తూనా?"

అవునన్నాను. అబద్ధం. అది ఇంకా మునివేళ్ళ మీదే ఉంది. మాట్లాడాలంటే నా చెవి దగ్గరికి వస్తోంది.

మంచిది అన్నాడు. వెళ్ళేటప్పుడు తలుపు మెల్లగా వెయ్యమన్నాడు.

మే 29

చెల్లెలి కొడుకు తన చేతిలోంచి జామకాయ లాక్కున్నాడని లిగాయా వాడి మీద అరిచింది. నిజంగా అరిచింది. చెల్లెలు మందలించబోతే చెల్లెలి నోరు మూశాను.

జూన్ 7

మధ్యాహ్నం గేటు దగ్గర ఎవరో నిలబడ్డారు. కళ్ళకి గుడ్డ కట్టుకుని, దాని కింద నుంచి నీళ్ళు కారుతూ. బస్సు కండక్టర్ చెయ్యి పట్టుకుని దింపాడట. నాకన్నా ముందు లిగాయా వెళ్ళింది. వెలుతురులో దానికి నాన్న ఆనవాలు తెలియలేదు.

ఎవరు కావాలండీ అని అడిగింది. వీధంతా వినపడింది.

అతను గేటు ఊచలు పట్టుకున్నాడు. చెవులు మూసుకోలేదు. ఇంకోసారి అడగమ్మా అన్నాడు.